ఒకే రీలు మీద రెండుసార్లు ఏమోస్

రివర్ హాపర్స్ బ్యాండు వాళ్ల కోట్లన్నీ ఐడెల్లా గేథర్ కుట్టినవే. మీగడ రంగు గుడ్డ, నల్ల కాలరు, అందరికీ ఒకటే తీరు. స్టేజీ మీద అందరూ ఒక్క తల్లి బిడ్డల్లా కనపడాలని బ్యాండు పెద్ద బూకర్ పట్టుదల. ఎవరి కోటు ఎవరిదని తగువు పడకుండా ఐడెల్లా ప్రతి కాలరు లోపలా ఎర్రదారంతో పేరు కుట్టేది.

ఆమె పుట్టింది మిసిసిపీ నదికి ఆర్కన్సా ఒడ్డున, పత్తి చేల మధ్య. పత్తి ఏరే కాలంలో నల్లపిల్లల బడికి తాళం వేసేవాళ్లు. ఏరడం అయ్యాక తెరిచేవాళ్లు. తెల్లపిల్లల బడి ఏడాది పొడుగునా నడిచేది. ఐడెల్లాకు చదువు అరకొరగా వచ్చింది. కుట్టుపని మాత్రం తల్లి దగ్గర, పిండి సంచుల గుడ్డ మీద, పూర్తిగా నేర్చుకుంది. పెద్దయ్యాక మెంఫిస్ వచ్చి దర్జీ కొట్లో చేరింది. బ్యాండులో కొత్తగా చేరిన ఏమోస్ కోటు కుట్టించుకోవడానికి అక్కడికే వచ్చాడు. టేపు భుజాల మీద పెట్టగానే మనిషి కట్టెలా బిగుసుకుపోయాడు.

"ఊపిరి తీసుకో అబ్బాయ్. శాక్సఫోను ఊదుతానన్నావు, ఈ కాస్త దానికే ఊపిరి ఆగిపోతే పాట ఏం నడుస్తుంది?" అంది ఐడెల్లా.

"నువ్వు ఇంత దగ్గరగా నిలబడి కొలుస్తావని బూకర్ నాకు చెప్పలేదు."

"కొలత దూరం నుంచి తీస్తారా ఎక్కడైనా?"

అలా మొదలైంది. పెళ్లయ్యాక ఐడెల్లా కూడా బ్యాండు కారు ఎక్కింది. కారు పైన పెద్ద బేస్ వాయిద్యం తాళ్లతో కట్టి ఉండేది. లోపల మనుషులు ఒకరి మోకాళ్లు ఒకరికి గుచ్చుకుంటూ కూర్చునేవాళ్లు. వాళ్ల పాటకు తెల్లపిల్లలు పిచ్చెత్తినట్టు ఎగిరేవాళ్లు. ఆ పిల్లల తండ్రుల హోటళ్లలో మాత్రం వీళ్లకు గది ఇచ్చేవాళ్లు కాదు. పెట్రోలు పోసినవాడు కూడా దొడ్డికి పొమ్మని పొలం వైపు వేలు చూపించేవాడు. ఐడెల్లా ప్యాంట్లు మడతపెట్టి కారు సీటు కింద పరిచేది. మనుషుల బరువుకే ఇస్త్రీ అయ్యేవి. సార్డిన్ చేపల డబ్బా తెరిచి ఉప్పు బిస్కెట్ల మీద పెట్టి ముందు సీటుకు అందించేది. సాయంత్రం అదే చేత్తో బొత్తాలు కుట్టేది.

ఏమోస్‌కు ఒక పిచ్చి ఉండేది. మెంఫిస్ తాకట్టు కొట్లో చేతిలో ఇమిడే సినిమా కెమెరా ఒకటి కొన్నాడు. పక్కన ఉన్న తాళంచెవి తిప్పితే స్ప్రింగు బిగిసేది, మీట నొక్కినంతసేపూ తిరిగేది. మాట రికార్డు కాదు, బొమ్మ ఒక్కటే. ఒక రీలు మొత్తం తిరిగాక చుట్ట తీసి, తిప్పి పెట్టి, రెండో వైపు కూడా తీయాలి. రెండు వైపులా అయిపోతే ఆ రీలు పని సరి. మూడోసారి పెడితే మొదటి బొమ్మ మీదే కొత్త బొమ్మ పడుతుంది. అందుకని ఏమోస్ అయిపోయిన ప్రతి రీలుకూ ఐడెల్లా దగ్గర మిగిలిన కోటు లైనింగు ముక్క ఒకటి చుట్టి సంచిలో పెట్టేవాడు. గుడ్డ చుట్టి ఉంటే ముట్టుకోకూడదు, గుడ్డ లేకపోతే కొత్తది. బ్యాండులో అందరికీ ఆ లెక్క తెలుసు.

తనే తీసేవాడు కనక ఏ రీల్లోనూ తను ఉండేవాడు కాదు. పోనీ తీసేవైనా తళుకుబెళుకులా అంటే, కాదు. హోటలు వెనక కిటికీలోంచి కాగితం పొట్లాలు అందించే చెయ్యి. 'తెల్లవారికి మాత్రమే' అని రాసిన కుళాయి. హాలు మధ్య కట్టిన తాడు: ఇటు నల్లవాళ్లు, అటు తెల్లవాళ్లు, ఒకే పాటకు ఎగురుతూ.

"నా మొహం ఒకసారి తీయవయ్యా. నా పిల్లలు చూసుకుంటారు," అనేవాడు బూకర్.

"నీ మొహం పోస్టర్ల మీద ఉంది కదా. ఈ తాడును ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అనేవాడు ఏమోస్.

ఏమోస్ తల్లి పర్మీలియా చికాగోలో ఉండేది. పత్తి చేలల్లో దొర రాసే దొంగలెక్కలతో విసిగి ఎప్పుడో రైలెక్కి వెళ్లిపోయిన మనిషి. అక్కడ మాంసం ఫ్యాక్టరీలో పని, ఆదివారం గంజిర లాంటి తంబూరిన్ మోగిస్తూ ఎగిరే చర్చి. కొడుకు వాయించేది సైతాను పాట అని ఆమె నమ్మకం. ఒక్కసారి కూడా చూడటానికి రాలేదు.

ఆమెను కదిలించిన సంగతి ఒకటి ఉంది. కిందటేడు వానలో సామాను బండి బోల్తా పడి డ్రమ్ములు వాయించే కుర్రాడు పోయాడు. వాడి కోటు తడిసిందని ఏమోస్ కోటు వేసుకుని ఉన్నాడు. షెరిఫ్ మనుషులు మొహం కేసి చూడలేదు. నల్లవాడి మొహం కేసి ఎవడు చూస్తాడు? కాలరు తిప్పి ఎర్రదారంతో కుట్టిన పేరు చదివారు. ఏమోస్ గేథర్ పోయాడని చికాగో చర్చికి ఫోను వెళ్లింది. పర్మీలియా వాళ్ల చర్చి తీరున దుఃఖానికి తెల్లబట్ట కట్టింది, జనం వంటలు తెచ్చిపెట్టారు, పాటలు పాడారు. నిజం తెలిసి ఏమోస్ రైలెక్కి వెళ్లేసరికి ఇంకా ఇంటి నిండా మనుషులున్నారు. గుమ్మంలో నిలబడి, "నా చావు భోజనంలో నాకేమన్నా మిగిల్చారా?" అన్నాడు. పర్మీలియా లేచి వచ్చి వాడి చెంప పగలగొట్టింది. తర్వాత కౌగిలించుకుని సాయంత్రం దాకా వదల్లేదు.

అందుకే రెండోసారి కబురు అందినప్పుడు ఆమె నమ్మలేదు.

ఆ రెండోసారి ఇలా జరిగింది. ఒక పత్తి గోదాములో ఆట. పెద్ద పెద్ద బల్బులు కట్టారు. ఆ రోజు ఏమోస్‌కు ఏం బుద్ధి పుట్టిందో, కెమెరా ఐడెల్లా చేతికిచ్చి, "ఇవాళ నన్ను తీయి. ఏం జరిగినా మీట మీద వేలు తీయకు," అన్నాడు. ఐడెల్లా తీసింది. స్ప్రింగు వదులైనప్పుడల్లా మళ్లీ బిగించి తీసింది. పాట ఊపు మీద ఉండగా తాడు తెగింది. ఎవరు కోశారో తెలీదు, తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసిపోయారు. పోలీసులు మెయిను ఆపేశారు. హాలంతా చీకటి. ఐడెల్లా చెప్పినట్టే వేలు తీయకుండా, రీలు ఆ వైపు అయిపోయేదాకా ఆ చీకటిని తీస్తూ నిలబడింది.

మర్నాడు పొద్దున ఏమోస్ చుట్ట తిప్పి, కారులోంచి రోడ్డు తీశాడు. అప్పటికే కుడిపక్క కడుపులో పోటు. రీలు అయిపోయింది. గుడ్డ చుట్టే ఓపిక లేక అలాగే సంచిలో పడేశాడు. మధ్యాహ్నానికి జ్వరం. దారిలో తగిలిన ఆసుపత్రిలో నల్లవాళ్ల వార్డులో మంచం ఖాళీ లేదన్నారు, పక్క ఊరికి పొమ్మన్నారు. ఆ పక్క ఊరు చేరేలోపే వెనక సీట్లో, ఐడెల్లా ఒళ్లో తల పెట్టుకుని పోయాడు. డాక్టరు కాగితం మీద అపెండిక్స్ అని రాశాడు. తెరవని తలుపు అని రాయాల్సింది.

ఐడెల్లాకు ఏడుపు రాలేదు. పన్ను పీకే ముందు మందు వేస్తే చిగురు ఎలా ఉంటుందో మనిషంతా అలా అయిపోయింది. ఎవరో మాట్లాడితే పెదాలు కదలడం కనపడేది. మాట కాస్త ఆలస్యంగా చేరేది.

ఆర్కన్సాలో వాళ్ల చిన్న చర్చి ఆవరణలోనే పాతిపెట్టారు. ఉత్తరాదికి వెళ్లిపోయిన తల్లులు రాలేనప్పుడు శవపేటికలో మొహం ఫోటో తీసి పంపించడం అక్కడి ఆనవాయితీ. పర్మీలియా అయితే రాలేక కాదు, రానంది. ఫోనులో ఒకటే మాట: "కిందటిసారీ ఇట్లాగే అన్నారు."

"ఫోటో పంపితే ఎవడి మొహమో అంటుంది వదినా," అన్నాడు బూకర్. "కెమెరా ఉంది కదా, సినిమాయే తీయి. పక్కన మనందరం నిలబడతాం. పాదిరి గారు నిలబడతారు. ఇక కాదనడానికి ఉండదు."

పాతిపెట్టే ముందు పేటిక చర్చిలోంచి బయటికి తెచ్చి ఎండలో మూత తెరిచారు. ఐడెల్లా సంచిలో చెయ్యి పెట్టింది. గుడ్డ లేని రీలు ఒకటి తగిలింది. కెమెరాలో పెట్టింది. నల్లకోట్ల పెద్దలు, పూలు, ఏమోస్ మొహం. చివర్లో ఆ మొహం మీదే కెమెరా ఆనించి, రీలు అయిపోయేదాకా కదలకుండా నిలబడింది. చెయ్యి వణకలేదు. చూస్తున్నవాళ్లు ఆ సంగతి కూడా తర్వాత చెప్పుకున్నారు, ఎంత రాతిగుండె అని.

మెంఫిస్‌లో మందుల షాపు మిస్టర్ ప్రూయిట్ ద్వారా రీళ్లు కడగడానికి వెళ్లేవి. ఆ రీలు కూడా అలాగే వెళ్లింది. ఈలోగా చికాగో నుంచి ఫోను. పర్మీలియా చర్చి మనిషి, సిస్టర్ ఎర్లీన్.

"అమ్మాయ్, ఆ బొమ్మ ఏదో ఉందన్నారు, తొందరగా తీసుకురా," అందామె. "మీ అత్త ప్రతి శనివారం స్టేషనుకు పోతోంది. దక్షిణాది నుంచి వచ్చే బండి దగ్గర నిలబడి దిగిన ప్రతివాడి మొహం చూస్తోంది. ఈ చలిలోనమ్మా, మంచులో. మొన్న పడిపోయింది. లేపితే మళ్లీ అక్కడే నిలబడింది. పోయినవాళ్ల ప్రార్థనలో వాడి పేరు చదవనివ్వదు. చదివితే ఆ పాస్టరు ముందే లేచిపోతుంది. ఈ చలికాలం దాటదు ఆ మనిషి. నువ్వు చూపించు, ఏడుస్తుంది, ఏడిస్తే బతుకుతుంది."

"సరే," అంది ఐడెల్లా.

రీలు తెచ్చుకోవడానికి వెళితే మిస్టర్ ప్రూయిట్ దాన్ని వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. చాలాసేపటికి కళ్లజోడు తీశాడు.

"అమ్మా, అయిపోయిన రీలు మళ్లీ తిప్పావు. బొమ్మ మీద బొమ్మ పడింది."

"దేని మీద ఏది?"

"కింద ఏమోస్ ఊదుతున్నాడు. పైన..." ఆయన రీలు ఆమె వైపు జరిపాడు. "నువ్వే చూడు, బొమ్మ వేసే మిషను ఉంది లోపల."

"వద్దు."

"చూడకుండా ఆ ముసలమ్మ దగ్గరికి తీసుకుపోతావా? బతికున్నట్టు కనపడితే? అసలే నమ్మనంటున్న మనిషి."

ఐడెల్లా ఆలోచించడానికి ప్రయత్నించింది. ఏమోస్ ఉన్న రీలు ఇదొక్కటే. వాడు పోయాడని చూపించే రీలు కూడా ఇదొక్కటే. రెండూ చెడిపోయాయి. దీనికి ఏదో ఒకటి అనిపించాలి. ఏమీ అనిపించలేదు.

"ఇంకోటి లేదు కదండీ," అంది. రీలు సంచిలో వేసుకుని బయటికి వచ్చింది.

చికాగోలో పర్మీలియా ఇల్లు మెట్లెక్కి వెళ్లే ఇరుకు గదులు. ఎర్లీన్ చర్చి నుంచి మిషను తెప్పించింది, గోడకు దుప్పటి కట్టింది, కిటికీలకు రగ్గులు వేసింది. చర్చి సిస్టర్లు తెల్లబట్టల్లో వచ్చి కూర్చున్నారు. పర్మీలియా మాత్రం ముదురు రంగు గౌనులోనే ఉంది, కావాలనే.

"చూస్తాను. వాడు కాకపోతే నీళ్లు కూడా ఇవ్వకుండా పంపిస్తా, చెబుతున్నా," అంది కోడలితో.

"అట్లాగే అత్తమ్మా."

"చిక్కిపోయావేంటి? తింటున్నావా?"

"తింటున్నా."

"అబద్ధం," అంది పర్మీలియా. కుర్చీ దుప్పటికి దగ్గరగా జరుపుకుంది.

"రీలు కాస్త చెడిపోయింది. ఒకదాని మీద ఒకటి పడింది," అంది ఐడెల్లా. ఎవరికీ అర్థం కాలేదు. ఎర్లీన్ మిషను తిప్పింది.

దుప్పటి మీద ఎండ పడింది. చర్చి గుమ్మం, పూలు, నల్లకోట్ల పెద్దలు వరసగా. సిస్టర్లు గొంతు సవరించుకున్నారు. అంతలో ఆ నల్లకోట్ల మీద, ఆ నలుపులోంచే, మీగడ రంగు కోటు ఒకటి మెరిసింది. పెద్దల ఛాతీల మీదుగా శాక్సఫోను అటూ ఇటూ ఊగింది. ఏమోస్. బుగ్గలు పూరించి, నుదుట చెమటతో, మోకాళ్ల మీద కూర్చుని, లేచి, పూల గుత్తుల మధ్య నుంచి గంతు వేశాడు. పాదిరి మొహంలోంచి దాటిపోయాడు.

"ప్రభువా, ఇదేం బొమ్మ?" అంది ఒక సిస్టరు.

"ఆపేయమంటావా పర్మీలియా?" అంది ఎర్లీన్. ఆమె చెయ్యి మిషను మీద ఉంది.

పర్మీలియా దుప్పటి వైపు ఇంకా ముందుకు వంగింది. నవ్వుతోందో ఏమో, ఆ వెలుగులో ఐడెల్లాకు తెలియలేదు. కిందటిసారి గుమ్మంలో నిలబడినవాడే మళ్లీ వచ్చాడు. ఇక వచ్చే శనివారం, ఆ తర్వాతి శనివారం, ఈ మనిషి స్టేషనులోనే చస్తుంది. ఐడెల్లా ఆ మాట పూర్తిగా అనుకుంది, పక్కింటివాళ్ల సంగతి అనుకున్నట్టు.

"వాడి కాలు చూడండే," అంది పర్మీలియా నెమ్మదిగా. "ఆ మడమ చూడండి. అది మన చర్చి కాలు. ఆత్మ దిగినప్పుడు నేను వేసేదే. నా పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాడు దొంగవెధవ. సైతానుదని తిట్టాను కదే వీణ్ని."

పెద్దలు పక్కకు తప్పుకున్నారు, పేటిక దగ్గరైంది. ఏమోస్ తన మొహం మీదే ఎగురుతున్నాడు. పడుకున్న మొహం కదలదు, దాని మీద ఊదే మొహం నిలవదు. ఒక్కోసారి రెండూ ఒకచోట కలిసి, ఒకటే మనిషి కళ్లు తెరిచి మూసినట్టు ఉంది.

అప్పుడు గోదాములో పోలీసులు దీపాలు తీసేశారు.

దుప్పటి మీద కోటు పోయింది, వాయిద్యం పోయింది, కాలు పోయింది. ఎండలో మొహం ఒక్కటే మిగిలింది. పెదవి మీద మచ్చ, నున్నగా దువ్విన జుట్టు. ఐడెల్లా ఎంత కదలకుండా తీసిందో అంత కదలకుండా ఉంది. పూరేకు ఒకటి గాలికి అల్లాడకపోతే అది సినిమా అని కూడా తెలియదు. చాలాసేపు అలాగే ఉంది.

"ఆగిపోయాడు," అంది పర్మీలియా.

ఎర్లీన్ మిషను మీది నుంచి చెయ్యి తీసేసింది.

"ఇప్పటిదాకా ఎగిరాడు. చూశాను. ఇక ఆగిపోయాడు," అంది మళ్లీ, తనకు తానే ఒప్పచెప్పుకుంటున్నట్టు.

రీలు రెండో వైపు మొదలైంది. రోడ్డు, కారు అద్దం అవతల తెల్లవారి వెలుగు, ఆరేసిన బట్టలు, గాడిద బండి. బొమ్మ ఒకటే వణుకు.

"ఇదెవరు తీశారు?" అడిగింది పర్మీలియా.

"ఏమోసే. మర్నాడు పొద్దున, కారులోంచి."

"చెయ్యి ఎందుకు అట్లా వణుకుతోంది?"

"కడుపులో నొప్పి. అప్పటికే మొదలైంది."

పర్మీలియా కుర్చీలో వెనక్కి తిరిగింది. రోడ్డు ఆమె వీపు మీద, తెల్లజుట్టు మీద పరిగెత్తుతోంది. కబురు వెళ్లినప్పటి నుంచి ఇన్నాళ్లలో ఆమె అడగని మాట అడిగింది.

"నా కొడుకు ఎట్లా పోయాడు?"

సిస్టర్లు ఏడుపు అందుకోబోయారు. పర్మీలియా చెయ్యెత్తి ఆపింది. "ఏడుద్దాం. తర్వాత. ముందు ఈ పిల్ల చెప్పనీ. ఎవరి ఆసుపత్రి? తలుపు దగ్గర ఎవరున్నారు? ఏం మాటన్నారు? లోపల మంచాలు చూశావా, వాళ్లు చెప్పిందే విన్నావా? పాస్టరు దగ్గరా చెబుతాను, పేపరువాళ్ల దగ్గరా చెబుతాను, వినేవాడు దొరికేదాకా చెబుతాను. నాకు సరిగ్గా తెలియాలి. ఒక్క ముక్క వదిలావంటే ఊరుకోను."

ఐడెల్లా నోరు తెరిచింది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. కోటు కొలతలు చదివే గొంతుతో మొదలుపెట్టింది.

"ముందు గుమ్మం దగ్గరికి వెళ్లాం. పక్కగుమ్మానికి పొమ్మన్నారు. పక్కగుమ్మం లోపలి నుంచి గడియ వేసి ఉంది. బూకర్ కొట్టాడు. కిటికీలోంచి ఒక నర్సు చూసింది. చిన్నదే, నా ఈడుది..."

ఎర్లీన్ లేచి కిటికీ మీది రగ్గు తీయబోయింది. పర్మీలియా వద్దంది. దుప్పటి మీద రీలు అయిపోయి తెల్ల వెలుగు నిలబడింది. ఆ వెలుగులోనే ఐడెల్లా చెబుతూ పోయింది, పర్మీలియా వింటూ పోయింది.